సొర పాదుకు పిందెలు నిలవడం లేదు, మిద్దె మీద పెంచేవాళ్ళు చెప్పండి

సింగ్‌నగర్ మిద్దె:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చేదాకా నాకు మిద్దె తోటతో పని లేదు. కింద పెరట్లోనే మునగ, కరివేపాకు, రెండు అరటి పిలకలు ఉండేవి. నీళ్ళు తీశాక అరటి ఒక్కటే మిగిలింది. మునగకు వేళ్ళు కుళ్ళి, ఓ రోజు గాలికి పక్కింటి గోడ మీదికి వాలిపోయింది. ఆ తర్వాత కింద ఏమీ వేయబుద్ధి కాలేదు.

ఇప్పుడు పైన పన్నెండు పెయింటు డబ్బాలు, సగానికి కోయించిన నీళ్ళ డ్రమ్ములు రెండు ఉన్నాయి. ఎర్రమన్ను, కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు కలిపి నింపాను. థర్మోకోల్ పెట్టెల్లో గోంగూర, తోటకూర బాగానే వస్తున్నాయి. బాధంతా సొరతోనే. సంక్రాంతి వెళ్ళాక విత్తనం పెట్టాను, పందిరంతా అల్లుకుంది, తెల్లటి పూలు బోలెడు. కానీ పిందె బొటనవేలంత అయ్యేసరికి పసుపు తిరిగి, కొస నుంచి ఎండి రాలిపోతోంది. ఇప్పటికి ఏడు పోయాయి. మా వారు రోజూ పైకొచ్చి "ఇవాళ ఎన్ని?" అంటారు. కాయల సంగతి కాదు, రాలినవాటి సంగతి.

వేపనూనె కొట్టాను, పులిసిన మజ్జిగ కొట్టాను. నర్సరీ అబ్బాయి గుప్పెడు యూరియా వేయమన్నాడు, ఎందుకో చెయ్యి రాలేదు. ఏం చేయమంటారు?

బ్రాడీపేట బాబాయి:
యూరియా వేయకపోవడమే మంచిదైందమ్మా. నత్రజని ఎక్కువైతే తీగ సాగుతుంది గానీ కాయ పట్టదు. మందులు కూడా ఆపు. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఇది తెగులులా లేదు, పుప్పొడి అందక పిందె ఎండిపోతోంది.

సొర పువ్వు సాయంత్రం విచ్చుతుంది, తెల్లారి ఎండెక్కేసరికి వాడిపోతుంది. తేనెటీగలేమో పగటి పూట తిరిగేవి. పల్లెలో అయితే రాత్రి తిరిగే రెక్కల పురుగులు ఆ పని చూసుకుంటాయి. ఊరి మధ్య మిద్దె మీదికి అవి వస్తాయన్న నమ్మకం లేదు, మనమే చేసుకోవాలి. చీకటి పడే వేళకి పైకెళ్ళు. కింద బుల్లి సొరకాయ ఉన్నది ఆడపువ్వు, ఉత్త సన్న కాడ ఉన్నది మగపువ్వు. మగపువ్వు తెంపి, రేకులు ఒలిచేసి, పసుపు పొడి అంటుకున్న ఆ మధ్య భాగాన్ని ఆడపువ్వు నడుమ మెల్లగా రాయి. నేను ఒక్కో ఆడపువ్వుకు రెండు మగపూలు వాడతాను. గుంటూరులో మా మేడ మీద మొదటిసారి ఇలా చేస్తుంటే "ఈ వయసులో పెళ్ళిళ్ళ పేరయ్య అవతారమా" అని మా ఆవిడ ఒకటే నవ్వు.

పటమట పాదు:
బాబాయి గారు చెప్పింది నిజమే, కానీ ముందు రాలిన పిందె ఒకటి కోసి చూడండి అక్కా. లోపల తెల్లటి పురుగులుంటే అది పండు ఈగ పని. పిందె మీద సూది గుచ్చినట్టు చుక్క, అక్కడ జిగురు కారడం కూడా దాని గుర్తే. నాకు పోయినేడు అదే అయింది, నేను పుప్పొడి పుప్పొడి అంటూ నెల పోగొట్టుకున్నాను. ఇంకో మాట, తీగ కొస తుంచారా? పక్క కొమ్మలు వస్తేనే ఆడపూలు పెరుగుతాయి.

లెక్కల మాస్టారు:
కోపం తెచ్చుకోకండి. నేనూ రెండేళ్ళు సొర వేశాను, ఖర్చు రాసుకున్నాను. డ్రమ్ము, మట్టి, పందిరి వైరు కలిపితే మా ఇంట్లో ఒక్కో కాయ రైతుబజారు ధరకు నాలుగింతలు పడింది. కృష్ణా నది లంకల్లో పండే కాయ ఆటోలో వచ్చినా చెడిపోదు. ఆకుకూర అలా కాదు, మధ్యాహ్నానికే వడలిపోతుంది. అందుకే ఇప్పుడు నాకున్న ఎనిమిది పెట్టెల్లోనూ పాలకూర, మెంతికూర, గోంగూరే. నీళ్ళూ తక్కువ పడతాయి.

సింగ్‌నగర్ మిద్దె:
పది రోజులైంది, చెప్పడం ఆలస్యమైంది. పిందె కోశాను తమ్ముడూ, పురుగు లేదు. కొస కూడా తుంచాను. బాబాయి గారూ, మీరు చెప్పినట్టే ఫోన్ లైటు వేసుకుని మూడు ఆడపూలకు చేశాను. ఒకటి పోయింది, రెండు నిలిచాయి! ఒకటి అప్పుడే తల కిందికి వంచింది. బరువు పడకుండా పాత చీర పీలికతో పందిరికి కట్టాను.

మాస్టారూ, లెక్క మీదే కరెక్టు, నేను కాదనను. వరదప్పుడు మేం నాలుగు రోజులు ఈ మిద్దె మీదే కూర్చున్నాం. మా అత్తగారు ఆ తర్వాత చాలా నెలలు పైకి రానే లేదు. ఇప్పుడు గోంగూర కోయడానికి పొద్దున్నే నాకంటే ముందు ఎక్కుతున్నారు. అది ఏ పద్దులో రాయాలో మీరే చెప్పండి.

రోహిణి కార్తెకి నీడ వల కట్టాలా, ఇప్పుడే కట్టేయాలా? ఇవాళ మా వారు పైకి స్కేలు పట్టుకొచ్చారు. పదకొండు సెంటీమీటర్లట.