పెన్నలో ఈదినోడికి సిడ్నీలో లైఫ్‌గార్డ్ పని దొరుకుద్దా?

కోవూరు కుర్రోడు:
అన్నలూ, అక్కలూ, ఫిబ్రవరిలో చదువుకోడానికి సిడ్నీ వచ్చా. పెన్నలో, పొలం బావుల్లో ఈది పెరిగినోణ్ణి. పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ కంటే బీచ్‌లో లైఫ్‌గార్డ్ పని నయం గదా అనిపిస్తుండాది. ఎట్టా మొదలుపెట్టాల?

కావలి అన్న:
అబ్బయ్యా, ఎరుపూ పసుపూ టోపీల్లో కనపడేవాళ్లు జీతగాళ్లు కాదు, బీచ్‌లో కాపలా కాసే సర్ఫ్ క్లబ్బుల వాలంటీర్లు. బీచ్‌లో జీతమిచ్చేవి ఎక్కువగా కౌన్సిళ్లు, అంటే మన మునిసిపాలిటీల మాదిరివి. ముందు క్లబ్బులో చేరి బ్రాంజ్ మెడాలియన్ అనే లైఫ్‌సేవింగ్ సర్టిఫికెట్ తెచ్చుకో. దానికి పూల్‌లో 400 మీటర్లు 9 నిమిషాల్లో ఈదాల. ఆ తర్వాత 200 మీటర్లు పరుగు, 200 ఈత, మళ్లీ 200 పరుగు, అంతా కలిపి 8 నిమిషాలు.

నేనూ నీ మాదిరే "మనకి ఈత చెప్పేదేంది" అనుకొని పొయ్యా. మన బావి ఈత తల పైకెత్తి కొట్టేది గదా, తల లేస్తే కాళ్లు కుంగుతాయి. ఆరో రౌండుకి ఊపిరాడక లేన్ తాడు పట్టుకున్నా. పక్క లేన్‌లో అరవై దాటిన పెద్దామె నింపాదిగా నన్ను దాటేసింది. మొహం నీళ్లలో పెట్టి, పక్కకి తిప్పి గాలి పీల్చడానికే రెండు నెలలు పట్టింది. తమాషా ఏందంటే, మునిగేవాడి దగ్గరికి పోయేటప్పుడు మళ్లీ ఆ తలెత్తే ఈతే కావాల. మనిషి మీంచి కన్ను తీయకూడదు గదా.

ఒంగోలు అక్క:
తమ్ముడూ, బీచ్ కంటే ముందు ఈతకొలనుల్లో చూడు. క్లాసులు జరిగేటప్పుడు స్టూడెంట్ వీసాకి రెండు వారాలకి 48 గంటలే పని చెయ్యొచ్చు, శని ఆదివారాల షిఫ్టులు సరిపోతాయి. పిల్లలుండే చోటు కాబట్టి వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ (పిల్లల దగ్గర పనిచేసేవాళ్ల నేరచరిత్ర చూసే తనిఖీ) అడుగుతారు.

అసలు పని ఈదడం కాదు, చూడటం. మునిగేవాడు కేకలెయ్యడు. నేను నీళ్లలోంచి పైకి తీసిన నాలుగేళ్ల పిల్లాడు నిట్టనిలువుగా, నోరు నీటిమట్టానికి పెట్టి తల వెనక్కి వాల్చి ఉన్నాడు, చప్పుడే లేదు. వాళ్ల నాన్న రెండడుగుల దూరంలో ఫోన్ చూసుకుంటున్నాడు.

బీచ్‌కి పోతే కాపలావాళ్లు పాతిన రెండు జెండాల మధ్యే దిగు. కొత్తపట్నంలో మేము అలలు లేనిచోటు చూసుకుని దిగేవాళ్లం. ఇక్కడ అలలు విరగకుండా నల్లగా, నెమ్మదిగా కనపడే పాయే రిప్ కావచ్చు, లోపలికి లాక్కుపోయేది అదే. ఎదురీదొద్దు, తేలుతూ చెయ్యెత్తు.

కోవూరు కుర్రోడు:
అక్కా, మైపాడులో మేం ఎప్పుడూ దిగేది ఆ అలల్లేని చోటే.