అప్‌డేట్: మిర్యాలగూడ పాత ఇంట్లో వెనక గదులకు వైఫై అందింది

కిందటి నెల నేనే అడిగాను: మిర్యాలగూడలో మా తాతల నాటి పెద్ద ఇల్లు, ముందు గదిలో రౌటర్, వెనక వంటింట్లో, మేడ గదిలో వైఫై ఒక్క గీతే వస్తోంది, ఏం చేయాలి అని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. సమస్య తీరింది.

పనిచేసింది "వైరు లాగి రెండో రౌటర్ పెట్టండి" అన్న సలహా. కేబుల్ పని చేసే తమ్ముడు వచ్చి ఫోన్ పట్టుకుని గదిగదికీ తిరిగాడు. నడిమి గోడ రాతిది, రెండడుగుల మందం. పైగా మేం రౌటర్ పెట్టింది ఇనుప బీరువా వెనక! (వైర్లు కనపడితే అమ్మకు నచ్చదు.) రౌటర్ ఇచ్చే రెండు రకాల సిగ్నల్లో వేగంగా ఉండే 5 గిగాహెర్ట్జ్ ఆ గోడ దాటట్లేదు, ఎక్కువ దూరం పోయే 2.4 దాటినా నీరసంగానే. రౌటర్‌ను బయటికి తీసి ఎత్తులో పెడితే వంటింటికి కొంత నయం, మేడకు కాదు.

అందుకే బయటి గోడ వెంట పైపులో క్యాట్ 6 అనే నెట్‌వర్క్ వైరు మేడ దాకా లాగాడు. ఈ వైరు 100 మీటర్ల దాకా పనిచేస్తుందట, మాకు 30 కూడా పట్టలేదు. చివర మూలన పడేసిన పాత రౌటర్ తగిలించాం. అందులో డీహెచ్‌సీపీ (ఫోన్లకు అడ్రసులు పంచే పని, అది మొదటి రౌటరే చూసుకుంటుంది) ఆపి, ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో రౌటర్ నంబరు) మొదటి దానితో కలవకుండా మార్చి, వైరును లాన్ పోర్టులో (ఇంట్లో పరికరాలు తగిలించే చోట) గుచ్చాలి. ముందు నేనే చేద్దామని వాన్ పోర్టులో (బయటి నెట్ వైరు తగిలించే చోట) గుచ్చి, ఫోన్లకు నెట్ రాక ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నా.

మిగతా సలహాల సంగతి: రిపీటర్‌తో (వైఫైని అందుకుని మళ్లీ పంపే డబ్బా) గీతలు నిండాయి గానీ స్పీడ్ పడిపోయింది. వైఫై ఛానల్ (రౌటర్ వాడే ఫ్రీక్వెన్సీ) మార్చినా తేడా లేదు. నెట్ ప్లాన్ పెంచడం శుద్ధ దండగ. మెష్ (ఒకే వైఫైగా కలిసి పనిచేసే రౌటర్ల సెట్టు) జోలికి పోలేదు.

మేడ మీద అక్క మీటింగులు ఇప్పుడు ఆగట్లేదు. బీరువా మాత్రం అక్కడే ఉంది.