అప్‌డేట్: పిల్లి నోట చొంగ కారడానికి కారణం మనీ ప్లాంట్

మా పిల్లి ఉన్నట్టుండి చొంగ కారుస్తూ, ముందరి కాలితో మూతిని పదే పదే రుద్దుకుంటోందని, బాల్కనీలో ఏ మొక్కలు తీసేయాలని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. కుండీలన్నిటినీ ఫొటో తీసి పశువైద్యుడికి చూపించమన్న సలహాయే దారి చూపింది.

డాక్టరు గారు నోరు తెరిచి చూడగా నాలుక అంచు ఎర్రగా కందిపోయి, పంటి సందులో ఒక ఆకు తునక ఇరుక్కుని ఉంది. అది మనీ ప్లాంట్‌దే. ఆ ఆకుల్లోనూ, డిఫెన్‌బేకియా అనే ఇంటి మొక్కలోనూ సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయని, కొరకగానే అవి నోటి లోపలి పొరలో గుచ్చుకుని మంట పుట్టిస్తాయని వివరించారు. నోరు కడిగి మందిచ్చాక మరునాటికి మామూలుగా తిన్నది.

కొందరు అనుమానించిన, ఎరువుగా వేసే వేపపిండికి దీనితో సంబంధం లేదు. ఇక్కడ కొందరు ఎరికా పామ్‌నూ తీసేయమన్నారు గానీ, అది పిల్లులకూ కుక్కలకూ విషం కాదు. చాలామంది దాన్ని, సాగో పామ్ అని కూడా పిలిచే సైకస్‌తో పొరబడుతుంటారు. కాలేయాన్ని దెబ్బతీసి ప్రాణం మీదికి తెచ్చేది సైకస్, అందులోనూ దాని గింజలు మరీ ప్రమాదకరం. గన్నేరు గుండెకు ముప్పు. బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీల పుప్పొడిని నాకినా పిల్లి మూత్రపిండాలు పాడవుతాయి కనుక, అవి ఇంట్లోకే రాకూడదు.

మనీ ప్లాంట్‌ను పిల్లులు లేని బంధువులకు ఇచ్చి, ఆ చోట బోస్టన్ ఫెర్న్, స్పైడర్ ప్లాంట్ పెట్టాం. రెండోది విషం కాకపోయినా ఎక్కువగా నమిలితే వాంతి కావచ్చు కనుక, దాన్ని వేలాడే కుండీలో ఉంచాం.