పాతబస్తీ ఇంటికి మరమ్మతు చేయించాలా, ఓర్వకల్లు వైపు ప్లాటు కొనాలా?

గణితం టీచరమ్మ:

అందరికీ నమస్కారం. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. కర్నూలులో కొండారెడ్డి బురుజు నుంచి నడిస్తే పది నిమిషాల దూరంలో మా నాన్నగారి ఇంట్లో ఉంటున్నాను. స్థలం నాలుగున్నర సెంట్లు. ముందువైపు గదులకు మట్టి మిద్దె, వెనుక భాగానికి స్లాబు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడినప్పుడు ఆ స్లాబు మీదే రెండు రాత్రులు కూర్చున్నాం. నీళ్లు తీశాక గోడ మీద బురద గీత మిగిలింది. నాలుగుసార్లు సున్నం వేయించాను. అయినా ముసురు పట్టిందంటే చాలు, అదే ఎత్తులో మళ్లీ తేమ తేలుతుంది. టేపు పెట్టి కొలిచాను, గడప నుంచి ఏడడుగుల రెండంగుళాలు.

రిటైర్మెంటు డబ్బు ముప్పై లక్షలు బ్యాంకులో ఉంది. దాని మీద ఇంట్లో తలా ఒక మాట. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఓర్వకల్లు వైపు ప్లాటు కొనమంటాడు. విమానాశ్రయం వచ్చింది, పారిశ్రామికవాడ వస్తోంది అంటాడు. హైదరాబాదులో ఉన్న తమ్ముడు ఇల్లు కూల్చి బిల్డరుకు ఇచ్చేద్దామంటాడు. కింద పార్కింగు, పైన నాలుగంతస్తులు, ఎనిమిది ఫ్లాట్లు, సగం మనకు. బిల్డరు రంగుల బొమ్మ కూడా పంపాడు. అందులో మా వీధిలో రెండు కార్లు పక్కపక్కనే పోతున్నాయి. అసలు వీధిలోకి నీళ్ల ట్యాంకరు వస్తే ఎదురింటివాళ్లు స్కూటరు లోపలికి లాక్కోవాలి!

నా ఆలోచన వేరు. ఇంటికి మరమ్మతు చేయించి, వెనుకవైపు నాలుగు గదులు విడిగా తీర్చి అద్దెకిస్తాను. పెద్దాసుపత్రికి ఇటు గద్వాల నుంచి, అటు రాయచూరు నుంచి కూడా రోగులు వస్తారు. వెంట వచ్చినవాళ్లు వరండాల్లో చాపలు పరుచుకుని పడుకోవడం రోజూ చూస్తున్నదే. నర్సింగు చదివే పిల్లలకూ గదులు కావాలి. గదికి నాలుగు వేలు అనుకుంటే నెలకు 16,000, ఏడాదికి 1,92,000. మరమ్మతుకు మేస్త్రీ చెప్పిన అంచనా 22 లక్షలు. అంటే నూటికి ఎనిమిది రూపాయల డెబ్బై పైసలు. రెండు నెలలు ఖాళీగా ఉన్నా ఏడు రూపాయల పైమాటే.

ఇంకొక సంగతి. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు మా నాన్న ముందు గదిని ఒక గుమాస్తాకు ఇచ్చారట. అంతకుముందు ఎన్నడూ వినని అద్దె. 1956 నవంబరులో రాజధాని హైదరాబాదుకు పోయింది, గుమాస్తా కూడా పోయాడు. ఆ తర్వాత ఆ గదిలో ఏళ్ల తరబడి వేరుశనగ మూటలే ఉన్నాయి. అందుకే "వస్తోంది, వస్తోంది" అనే మాట వింటే నాకు ఆ మూటలే గుర్తొస్తాయి. నా లెక్కలో తప్పుంటే చెప్పండి.

తుమ్మచెట్ల ఆసామి:

అక్కా, నేను 2020 ఫిబ్రవరిలో ఓర్వకల్లు వైపు ఐదు సెంట్లు కొన్నాను. అంతకు రెండు నెలల ముందే కర్నూలును న్యాయ రాజధాని చేస్తామన్న ప్రకటన వచ్చింది. ఊరంతా పెళ్లిసందడిలా ఉండేది. ఒక్కో కారులో ఆరుగురం వెళ్లి, ఎండలో గొడుగులు పట్టుకుని స్థలాలు చూసేవాళ్లం. మాకు మజ్జిగ కూడా పోశారు. 2021 మార్చిలో విమానాశ్రయం మొదలైంది, నేను ఉబ్బిపోయాను. అదే ఏడాది నవంబరులో మూడు రాజధానుల చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ వారంలోనే మా మధ్యవర్తి ఫోను ఎత్తడం మానేశాడు.

మీ అబ్బాయి మాట పూర్తిగా కొట్టిపారేయను. ఓర్వకల్లు పారిశ్రామిక కేంద్రానికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కర్నూలులో హైకోర్టు బెంచి కావాలని అదే ఏడాది నవంబరులో శాసనసభ తీర్మానం చేసింది. ఇవన్నీ నిజాలే. నా స్థలం అక్కడికి ఎంత దూరమన్నదే ప్రశ్న. పెద్ద రోడ్డు దిగి మట్టిబాటలో పోవాలి. మొన్న వెళ్లి చూస్తే హద్దురాళ్లు నాలుగింట్లో రెండే కనిపించాయి, మిగతాదంతా తుమ్మ. ఇల్లు కట్టుకుందామని బ్యాంకుకు వెళితే మొదట అడిగింది లేఅవుట్ అనుమతి సంఖ్య. నా కాగితాల్లో అది లేదు. వ్యవసాయ భూమిని ఇళ్ల స్థలంగా మార్చినట్టు అప్పట్లో తీసుకోవలసిన ఉత్తర్వు కూడా లేదు. మజ్జిగ తాగుతూ ఆ రెండూ అడగలేదు, తప్పు నాదే. అబ్బాయి ఎంపిక చేసిన స్థలానికి లేఅవుట్ అనుమతి ఉందేమో ముందు చూడండి. లేకపోతే ధర ఎంత తక్కువైనా వద్దు.

రిటైర్డ్ దస్తావేజు లేఖరి:

అమ్మా, మీ లెక్క బాగుంది కాని ఒక భాగహారం మరిచారు. "నాన్నగారి ఇల్లు" అన్నారు, "తమ్ముడు" అన్నారు. నాన్నగారు వీలునామా రాశారా? ఇంకా తోబుట్టువులు ఉన్నారా? ఆయన స్వార్జితమై, వీలునామా లేకపోతే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలు. పెళ్లి చేసి పంపినప్పుడే ఆడపిల్లకు ఇవ్వవలసింది ఇచ్చేశామని ఇళ్లలో అనుకుంటారు. ఆ మాట చట్టంలో ఎక్కడా లేదు. ఈ ఒక్క కారణంతో రిజిస్ట్రేషన్ మెట్లు ఎక్కి వెనక్కి దిగినవాళ్లను నా సర్వీసులో చాలామందిని చూశాను.

కాబట్టి మీరు మీ డబ్బుతో గదులు కట్టినా, వచ్చే అద్దెలో మిగతావాళ్లకూ హక్కుంటుంది. ఖర్చు మాత్రం మీ ఒక్కరిదే అవుతుంది. పని మొదలుపెట్టకముందే పంపకం దస్తావేజో, హక్కు విడుదల దస్తావేజో రిజిస్టరు చేయించుకోండి. అది కుదరకపోతే, మరమ్మతు ఖర్చు అద్దెలోంచి తీరేదాకా అద్దె మీకే చెందుతుందని అందరి సంతకాలతో ఒప్పందం రాసుకోండి.

ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం, ఈసీ, కంప్యూటర్లో దొరికేది 1983 నుంచే. అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పాత పుస్తకాలు తిరగేయించాలి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద, మీ సర్వే నంబరు లేదని కూడా చూసుకోండి. పాతబస్తీలో వక్ఫు, దేవాదాయ భూముల పక్కన ఉన్న ఇళ్లు కొన్ని పొరపాటున అందులో చేరుతుంటాయి.

బిల్డరు ఎనిమిది ఫ్లాట్లే ఎందుకన్నాడో గమనించారా? స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా బిల్డర్లను నియంత్రించే రెరా సంస్థ దగ్గర నమోదు అక్కరలేదు. మీ స్థలం 182 మీటర్లే. ఆయన తప్పు చేస్తున్నాడని అనడం లేదు. పని సగంలో ఆగితే అడగడానికి ఆ తలుపు మీకు ఉండదని మాత్రం చెబుతున్నాను. ఇక పన్ను సంగతి. రిజిస్టరైన డెవలప్‌మెంట్ ఒప్పందం మీద మూలధన లాభం పన్ను, కట్టడం పూర్తయినట్టు ధ్రువపత్రం వచ్చిన ఏడాదిలో పడుతుంది. మధ్యలో మీ వాటా అమ్మితే అప్పుడే పడుతుంది. తమ్ముడుగారికి ఇది తెలుసో లేదో.

మేస్త్రీ గారబ్బాయి:

టీచరమ్మా, గోడల గురించి రెండు మాటలు. నాలుగుసార్లు వేసిన "సున్నం" నిజంగా సున్నమేనా, సిమెంటు పూతా? పాత రాతిగోడకు సిమెంటు పూస్తే తేమ బయటికి రాలేక లోపలే తిరుగుతుంది, ఉప్పు పట్టి పెచ్చులు ఊడతాయి. ఆ గీత కింది భాగమంతా గీకించి, ఒక వేసవి మొత్తం ఎండనిచ్చి, సున్నపు గారతో వేయించండి. తొందరపడే మేస్త్రీ దీనికి ఒప్పుకోడు.

మిద్దె మీద చౌడుమట్టి ఎన్నేళ్ల కింద పోయించారు? దంతెల, అంటే మిద్దెను మోసే కర్రల, చివరలు గోడలో దూరే చోట సూదితో పొడిచి చూడండి. మెత్తగా దిగిందంటే ఆ దంతె పోయినట్టే. మధ్యలో గట్టిగా ఉంటుంది, అందుకే చాలామంది మోసపోతారు. నేల మీద బేతంచెర్ల బండలుంటే మాత్రం దయచేసి తీయకండి. వరదకు టైల్సు లేస్తాయి, బండలు కడిగితే చాలు.

మీటరు, మెయిన్ బోర్డు, ఇన్వర్టరు ఆ ఏడడుగుల గీతకు పైనే పెట్టించండి. నది మళ్లీ రాదని ఎవరూ రాసివ్వలేదు కదా. ఇంకొకటి, పట్టణ ప్రణాళిక విభాగంలో మీ వీధి విస్తరణ గీత ఎక్కడుందో అడగండి. కొత్త కట్టడం ఎత్తు వీధి వెడల్పును బట్టే ఉంటుంది. వీధికి స్థలం వదలవలసి వస్తే నాలుగంతస్తుల బొమ్మ ఆ బొమ్మలోనే ఉండిపోతుంది.

గణితం టీచరమ్మ:

అందరికీ కృతజ్ఞతలు. ముప్పై ఏళ్లు పిల్లలకు భాగహారం నేర్పి, సొంత ఇంటి లెక్కలో దాన్నే మరిచాను. వీలునామా లేదు. అమ్మ కూడా పోయింది. నంద్యాలలో అక్క ఉంది. అంటే ముగ్గురం, ఏడాదికి 1,92,000లో నా వంతు 64,000. నా 22 లక్షల మీద అది నూటికి మూడు రూపాయలైనా కాదు.

నిన్న అక్కకు ఫోను చేశాను. "నా వాటా అమ్మను, రాసివ్వను, వెనుకవైపు ఒక గది నాకు ఉంచు. కంటి ఆపరేషన్‌కు వచ్చి ఉంటాను" అంది. ఖర్చు తీరేదాకా అద్దె నేను తీసుకోవడానికి మాత్రం ఒప్పుకుంది. తమ్ముడు ఆలోచిస్తానన్నాడు. వీధి విస్తరణ గీత సంగతి చెప్పాక, బిల్డరు బొమ్మ గురించి వాడు మళ్లీ ఎత్తలేదు.

మేస్త్రీ గారబ్బాయి చెప్పినట్టు దంతెలు పొడిచి చూశాను. పదకొండింట్లో మూడు మెత్తగా దిగాయి. నాలుగుసార్లూ పూసింది సిమెంటేనట, అడిగితే మేస్త్రీ ఒప్పుకున్నాడు. గది ఒకటి తగ్గింది కనుక అంచనా మళ్లీ వేయించాలి. మూడు గదులు, పది నెలలు అంటే ఏడాదికి 1,20,000. పద్నాలుగు లక్షల్లో పని ముగిస్తే పన్నెండేళ్లలోపు తీరుతుంది. అప్పటికి నాకు డెబ్బై మూడు. కర్నూలులో సున్నపు గార పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, వేసవి లోపు గోడ గీకించాలి.