అప్‌డేట్: టిరియన్ గొలుసు సంగతి తేలింది

'గేమ్ ఆఫ్ థ్రోన్స్' గురించి పోయినవారం ఇక్కడే అడిగాను, "బ్లాక్‌వాటర్ యుద్ధంలో టిరియన్ లానిస్టర్ నిజంగా వ్యూహకర్తేనా, లేక ఆకుపచ్చ మంట పుణ్యమా?" అని. (ఆ మంట అంటే నీళ్లమీద కూడా మండే వైల్డ్‌ఫైర్.) నేను చూసింది 2012లో వచ్చిన సిరీస్ ఎపిసోడ్ ఒక్కటే. "ముందు నవల చదువు నాయనా" అని మీరు చీవాట్లు పెట్టారు కదా, చదివాను. 1998లో వచ్చిన రెండో భాగం, 'ఎ క్లాష్ ఆఫ్ కింగ్స్'.

నా ప్రశ్నే తప్పు. సిరీస్‌లో అసలు గొలుసే లేదు! నవలలో మరుగుజ్జు అయిన టిరియన్, రాజధానిని కాపాడుకోవడానికి నగరంలోని కమ్మరులందరి చేతా మిగతా పని ఆపించి, నదికి అడ్డంగా వేసే గొలుసుకి ఇనుప లంకెలు చేయిస్తాడు. సింహాసనం కోసం దండెత్తిన స్టానిస్ ఓడలు నదిలోకి వచ్చాక వెనక గొలుసు లేపారు. ముందు మంట, వెనక ఇనుము. పారిపోయే దారే లేదు.

నాకు బాగా నచ్చింది మాత్రం రంగు కుండలు. మంట కుండలు విసరడం నేర్పడానికి ముందు సైనికులకు ఆకుపచ్చ రంగు నింపినవి ఇస్తారు. ఒంటిమీద ఒలకబోసుకున్నవాడికి ఆ పని ఇవ్వరు. ఆ తర్వాత దీపం నూనె. ఇంత ఓపిక ఉన్నవాడిని అదృష్టవంతుడని ఎలా అంటాం?

ఇలాగే ఓడల్ని ఆపడానికి కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) రేవుకు అడ్డంగా కట్టిన గొలుసు గురించి చెప్పినవారికి థాంక్స్. 1453లో ఒట్టోమన్ సుల్తాన్ మెహ్మద్ తన ఓడల్ని నేలమీద లాగించి దాన్ని తప్పించుకున్నాడట. స్టానిస్‌కి ఆ తీరిక ఎక్కడిది!

ఒక్కటి ఒప్పుకుంటా. టిరియన్ తండ్రి టైవిన్, అతనితో చేతులు కలిపిన టైరెల్ వంశం సేనలు రాకపోతే నగరం దక్కేది కాదు. కానీ అవి వచ్చేదాకా నిలబెట్టింది టిరియనే. అతనికి దక్కింది మాత్రం ముఖంమీద గాటు. అప్పటిదాకా అతను చూసిన 'హ్యాండ్' (రాజు తరఫున పాలించే మంత్రి) పదవేమో తండ్రికి.