చెన్నై వేళచ్చేరిలో కింద అంతస్తు ఇల్లు, మంచంలో అత్తయ్య: వానలకు ముందు కార్పొరేషన్‌ను ఏమని అడగాలి?

వేళచ్చేరి కోడలు:
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. పన్నెండేళ్లుగా వేళచ్చేరిలో కింద అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. అత్తయ్యకు ఎనభై రెండేళ్లు, పక్షవాతం వచ్చి మంచంలోనే ఉన్నారు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడు, నీళ్లు వీధిలోంచి వస్తాయని గుమ్మానికి ఇసుక బస్తాలు అడ్డం వేశాం. నీళ్లు వెనక నుంచి, స్నానాలగది జాలీలోంచి పైకి తన్నుకొచ్చాయి. అత్తయ్యను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చీరతో కట్టి, నలుగురు పట్టుకుని రెండో అంతస్తుకు మోశారు. మెట్ల మీద ఆవిడ నా చెయ్యి వదల్లేదు. వదలకుండానే, "నన్ను ఇక్కడే ఉంచి పిల్లల్ని తీసుకుపోమ్మా" అన్నారు. మూడు రోజులు కరెంటు లేదు. ఇన్సులిన్ సీసాకు తడిగుడ్డ చుట్టి మట్టికుండలో దాచాను.

వానలకు ముందే కార్పొరేషన్ ప్రణాళిక వేసుకుంటుందని ఏటా పేపర్లో చదువుతాను. అందులో మా అత్తయ్యలాంటివాళ్లు ఉన్నారా? లేకపోతే చేర్చమని ఎవరిని అడగాలి?

విశ్రాంత ఇంజినీరు:
అమ్మా, నేను ముప్పై ఏళ్లు వాననీటి కాలువల పని చేసి రిటైరయ్యాను. 2015 డిసెంబరు 1 రాత్రి డ్యూటీలో ఉన్నాను. తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్ల వాన పడింది. చెంబరంబాక్కం చెరువు నుంచి 29 వేల క్యూసెక్కులు వదిలారు. అడయారు నది ఇళ్లలోకి వచ్చేసింది. నీళ్లు తోడే మోటార్లు ఎన్ని ఉన్నాయో, డీజిల్ ఎంత ఉందో నా చేతిలోని కాగితంలో ఉంది. లేవలేని మనిషి ఏ ఇంట్లో ఉన్నారో మాత్రం లేదు. అందుకే మీ ప్రశ్న చూసి వెంటనే రాస్తున్నాను.

నగరంలో 200 వార్డులు. ఈశాన్య రుతుపవనాలకు ముందే కాలువల పూడిక తీయించడం, మోటార్లు సిద్ధం చేయడం, సహాయ కేంద్రాలకు బడులు గుర్తించడం జరుగుతాయి. ఇది దయతో చేసేది కాదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం 41వ సెక్షన్ ప్రకారం స్థానిక సంస్థ తన సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, సామగ్రిని ఎప్పుడైనా వాడేలా ఉంచాలి. అయితే కరెంటు విద్యుత్ సంస్థది, చెరువు గేట్లు జలవనరుల శాఖవి, మురుగు గొట్టాలు నగర నీటి సరఫరా, మురుగు బోర్డు అయిన మెట్రో వాటర్‌వి. ఒక్క ఆఫీసుకు ఫోను చేస్తే అన్నీ కదలవు.

మీ జాలీ సంగతి చెప్తాను. వేళచ్చేరి నీరు వీరాంగాల్ ఓడై అనే కాలువ మీదుగా పళ్లికరణై చిత్తడి నేలకు, అక్కడి నుంచి ఒక్కియం మడువు అనే నీటిపాయ దాటి బకింగ్‌హాం కాలువకు, చివరికి సముద్రానికి చేరాలి. మిచౌంగ్ తీరానికి దగ్గరగా నెమ్మదిగా కదిలింది. సముద్రం ఉబ్బి నీటిని తీసుకోలేదు. వెళ్లాల్సిన నీరు వెనక్కి తిరిగితే, మీ వీధిలో అన్నిటికన్నా పల్లంలో ఉన్న రంధ్రం మీ జాలీయే. అలాంటప్పుడు మోటారు పెట్టినా ఒక వీధి నీటిని ఇంకో వీధిలోకి తోడటమే అవుతుంది. కాబట్టి బస్తాల మీద నమ్మకం పెట్టుకోవద్దు. రెడ్ అలర్ట్ వచ్చిన రోజే, వాన మొదలుకాకముందే అత్తగారిని తరలించండి.

సెప్టెంబరులోనే వార్డు అసిస్టెంట్ ఇంజినీరును కలవండి. అత్తగారి వయసు, పరిస్థితి, ఇంటి గుర్తులు తమిళంలో రాయించి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. మీకు కేటాయించిన బడి ఏదో, అక్కడ జనరేటరు ఉందో లేదో అడగండి. వార్డులోని జనంతో పెట్టే ఏరియా సభ జరిగితే లేచి అదే మాట చెప్పండి. సభలో అన్నది మినిట్స్‌లోకి ఎక్కుతుంది. కార్పొరేషన్ ఫోను నంబరు 1913 ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, కానీ వాన మధ్యలో మొదటిసారి చేసే ఫోను మీది కాకూడదు.

ముడిచ్చూరు నివాసి:
ఇంజినీరు గారి మాటకు ఒకటి కలుపుతాను. 1913 చెన్నై కార్పొరేషన్‌ది. తాంబరం పక్కనున్న మా ముడిచ్చూరు దాని కిందికి రాదు. మాలాంటి వాళ్లు జిల్లా కంట్రోల్ రూము 1077కు చేయాలి.

2015లో మా వీధికి జాలరులు పడవ తెచ్చారు. దేవుళ్లలా వచ్చారు. చీకట్లో ఇంటి నంబరు చెప్పమన్నారు. నంబరు పలకలన్నీ నీళ్లలో మునిగి ఉన్నాయి. తర్వాత మా వీధివాళ్లం డబ్బులు వేసుకుని, ప్రతి ఇంటి పై అంతస్తు గోడ మీద మూర ఎత్తు అంకెలు తెల్లరంగుతో రాయించాం.

వేళచ్చేరి కోడలు:
ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న వార్డు ఆఫీసుకు వెళ్లాను. కాగితం తీసుకుని ముద్ర వేశారు. బడి పేరు చెప్పారు. అక్కడి నుంచి నేరుగా బడికే వెళ్లి చూశాను. గేటు దాటాక నాలుగు మెట్లు ఉన్నాయి, వాలుదారి లేదు. మరుగుదొడ్డి ఆవరణ చివర ఉంది. అత్తయ్యను అక్కడ రాత్రంతా ఎలా ఉంచాలో తెలియలేదు.

విశ్రాంత ఇంజినీరు:
మీరు వెళ్లి చూడటం చాలా మంచిదైంది అమ్మా. ఆ మెట్లకు, మరుగుదొడ్డి దారికి ఫోటోలు తీసి, మెట్టు ఎత్తు కొలిచి రెండో అర్జీ ఇవ్వండి. చెక్క వాలుపలక చేయించడం వార్డు స్థాయిలో అయ్యే పనే. మంచం పక్కన వాడుకునే కుర్చీ కమోడ్ కూడా అడగండి. అర్జీ తమిళంలో నేను రాసి పెడతాను, వివరాలు పంపండి.