టీ షాపు: ఫ్రాంచైజీ తీసుకోవాలా, సొంత పేరు పెట్టాలా?

హనుమకొండలో కాలేజీల దగ్గర 200 చదరపు అడుగుల మడిగె చూశాం. ఫ్రాంచైజీ వాళ్లు ఫీజు 3 లక్షలు, రాయల్టీ 5 శాతం అంటున్నారు. ఈ పనిలో ఉన్నవాళ్లు దయచేసి సలహా ఇవ్వండి.

రాయల్టీ లాభం మీద కాదు, అమ్మకం మీద. 15 రూపాయల కప్పులు రోజుకు 400 పోతే 6,000. అందులో 300 వాళ్లకే. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే నెలకు 10,620. టీ షాపు 5 శాతం పన్ను కిందకు వస్తుంది కాబట్టి కట్టిన ఆ జీఎస్టీ వెనక్కి రాదు. నష్టం వచ్చిన నెలలో కూడా ఇది తప్పదు కదా. పైగా టీ పొడి, కప్పులు వాళ్ల దగ్గరే కొనాలట. బయటి హోల్‌సేల్ ధరకూ దానికీ మామూలుగా తేడా ఎంత ఉంటుంది? నాకు అసలు భయం అక్కడే.

సొంతంగా అయితే ఫీజు డబ్బు ఆరు నెలల అద్దెకు, జీతాలకు చేతిలో ఉంటుంది. కానీ మాస్టర్ మానేస్తే రుచి మారిపోతుంది. లీటరు పాలకు పొడి, చక్కెర గ్రాముల్లో తూచి, మరిగే నిమిషాలు రాసి పెడితే కొత్తవాళ్లతో నెట్టుకురాగలమా? పేరుకు 43వ క్లాసులో (హోటళ్లు, టీ షాపుల విభాగం) ట్రేడ్‌మార్క్ మొదటి రోజే వేయాలా?

ఒప్పందంలో ఎన్ని కిలోమీటర్ల లోపు ఇంకో షాపు ఇవ్వకూడదని రాయించుకోవాలి? మధ్యలో మూసేస్తే సామాను ఎవరిది? మడిగె అగ్రిమెంటు మాత్రం మా పేరునే ఉండాలనుకుంటున్నాం.